1942 మద్రాసు మీద నవల రాస్తున్నవారికి: ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడ వెతకాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు తాంబరంలో ఉంటారు. పగలు ఉద్యోగం, రాత్రి రాత. 1942 వేసవిలో జపాన్ బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు ఖాళీ అయిన రోజుల్లో, జార్జిటౌన్‌లో కాపురమున్న ఒక తెలుగు కుటుంబం మీద నవల మొదలుపెట్టారు. లైబ్రరీల చుట్టూ తిరిగే తీరిక లేదు. నెట్‌లో ఏం చూడాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి అని అడిగారు. తమిళం మాట్లాడతాను గానీ చదవలేను అని కూడా చెప్పారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మొదటి ఆరు నెలలకు మీకు ఇవి చాలు: ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు, ఆంధ్రభారతి సైటులోని నిఘంటువులు, ఇండియన్ కానూన్‌లో మద్రాసు హైకోర్టు పాత తీర్పులు, పాత మ్యాపులు, చంద్రుడి తిథులు చూపించే ఏదైనా పంచాంగం సైటు. ఇవన్నీ ఉచితమే. వీటిని వాడేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి. ఆ రోజుల గురించి తర్వాత రాసినదానికంటే ఆ రోజుల్లోనే అచ్చయిన కాగితానికి ఎక్కువ విలువ ఇవ్వండి.

ఎందుకంటే, కథ రాసేవాళ్లకు కావలసింది ఏం జరిగిందన్నది ఒక్కటే కాదు. మన పాత్రకు ఆ పూట ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది కావాలి. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద, మర్నాడు 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ వారం మింట్ స్ట్రీట్‌లో దుకాణం కట్టేస్తున్న మనిషికి తర్వాతి వంతు మద్రాసుదే అనిపించింది. జపాన్ సైన్యం ఇక్కడ దిగలేదని మనకు తెలుసు, అతనికి తెలియదు. తర్వాత రాసిన పుస్తకాలు చదివి చదివి మనం కూడా తెలియకుండానే మన పాత్రలకు ఆ ధైర్యం ఇచ్చేస్తాం. నవలలో భయం పలచబడిపోయేది అక్కడే. ఆ వారం పేపరు తిరగేస్తే ఆ ధైర్యం పోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పరిశోధన పూర్తయ్యాక రాద్దామని ఆగకండి. నేను మొదటి నవలకు అలా రెండేళ్లు ఆగాను. ఆ రెండేళ్లలో పోగుచేసినదాంట్లో పదో వంతు కూడా పుస్తకంలోకి రాలేదు. ఇప్పుడు ముందు సన్నివేశం రాసేస్తాను. తెలియని చోట చదరపు బ్రాకెట్లు పెట్టి "ఇక్కడ రైలు టైము", "ఇక్కడ దీపం ఏ రకం", "ఇక్కడ బియ్యం ధర" అని రాసుకుని ముందుకు వెళ్తాను. వారానికి ఒక రాత్రి ఆ బ్రాకెట్లు పట్టుకుని వెతుకుతాను. చేతిలో చిన్న ప్రశ్న ఉంటే వెతుకులాట గంటలో తేలుతుంది. "1940ల మద్రాసు జీవితం" అని వెతికితే తెల్లవారిపోతుంది, చేతికి ఏమీ రాదు.

ఇక ఒక్కొక్కటీ చెప్తాను.

పాత పత్రికలు. మీ నవలకు ప్రాణం ఇక్కడే ఉంది. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 నుంచి, ఆంధ్రప్రభ 1938 నుంచి మద్రాసులోనే అచ్చయ్యాయి. అంటే మీ కథలో తెలుగువాళ్ల ఇంటికి పొద్దున్నే వచ్చే పేపరు అదే ఊళ్లో తయారైంది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పూనికతో ఇలాంటి పాత పత్రికలు చాలా స్కాన్ అయ్యాయి. వాటిలో కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కూడా చేరాయి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, భారతి మాసపత్రిక, గృహలక్ష్మి సంచికలు కూడా వెతకండి. గృహలక్ష్మి 1928లో మద్రాసులోనే మొదలైంది. ఆడవాళ్ల కోసం నడిచిన పత్రిక కాబట్టి చదువు, పెళ్లి, ఆరోగ్యం గురించి ఆనాటి ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారో అందులో దొరుకుతుంది. మీ కథలో ఇల్లాలి పాత్రకు ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు.

పేపరు తెరిచాక మొదటి పేజీ మీద ఎక్కువసేపు ఉండకండి. నేను ముందు ప్రకటనలు చూస్తాను. ఏ నూనె, ఏ సబ్బు, ఏ బలం మందు అమ్ముతున్నారు, సినిమా హాల్లో ఏం ఆడుతోంది, ఎవరికి గుమాస్తా కావాలి, ఏ వీధిలో ఇల్లు అద్దెకుంది, అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత బజారు ధరల పట్టిక. ఆ తర్వాత పాఠకుల ఉత్తరాలు. మంచినీళ్లు రావడం లేదని, ట్రాము కిటకిటలాడుతోందని రాసిన ఉత్తరం మీకు ఒక పేజీ సంభాషణ ఇస్తుంది.

ఒక జాగ్రత్త. అది యుద్ధకాలం. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద పత్రికల మీద సెన్సారు ఉండేది. కాగితం కొరత కూడా ఉంది. కాబట్టి పేపర్లో లేదు గనక జరగలేదని అనుకోవద్దు. పేపర్లో రానిది ఊళ్లో పుకారుగా తిరిగేది. ఇది మీకు కష్టం కాదు, వరం. పేపరు చెప్పేదొకటి, పక్కింటాయన చెవిలో చెప్పేది మరొకటి. ఆ రెంటి మధ్యా మీ కుటుంబం నలిగిపోవడమే మీ కథ.

వెతికే మాట ఆనాటిదై ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మనం "రంగూన్" అని వెతుకుతాం. ఆ రోజుల్లో తెలుగువాళ్లకు అది "రంగం". రంగం వెళ్లి సంపాదించుకొచ్చినవాళ్లు కోస్తా జిల్లాల్లో ఊరూరా ఉండేవారు. 1942 మార్చి 8న రంగం జపాన్ చేతికి చిక్కింది. అక్కడి నుంచి పడుతూ లేస్తూ వచ్చినవాళ్లను మన పత్రికలు "కాందిశీకులు" అన్నాయి. ఈ రెండు మాటలు తెలిశాక నాకు దొరికిన పేజీలు అంతకుముందు ఆరు నెలల్లో దొరకలేదు. అలాగే విజయవాడ కాదు, బెజవాడ. మద్రాసును చెన్నపట్టణము, చెన్నపురి, మదరాసు అని ఎన్ని రకాలుగా రాశారో అన్నిటితోనూ వెతకండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాలు చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో స్కాన్ అయినవి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఒకే మాట నాలుగు రకాలుగా ఉంటుంది. "చరిత్ర" కోసం charitra, caritra, charitramu అని మూడు స్పెల్లింగులూ ప్రయత్నించాలి. అక్కడ కనిపించే సంవత్సరాన్ని నమ్మకుండా పుస్తకం తెరిచి ముఖపత్రం చూడండి. తెలుగు స్కాన్లలో లోపలి మాటల వెతుకులాట సరిగా పనిచేయదు, పేజీలు కళ్లతోనే తిరగేయాలి. ఇంగ్లీషు పుస్తకాలకు మాత్రం ఆ సౌకర్యం బాగా ఉపయోగపడుతుంది. ఎసైలం ప్రెస్ ఆల్మనాక్ అని మద్రాసు నుంచి ఏటా వచ్చే డైరెక్టరీ ఒకటి ఉండేది. దొరికిన సంచికలో దుకాణాలు, కార్యాలయాలు, సంస్థల వివరాలు చూడండి. మీరు ఊహించుకున్న వీధికి అంగళ్లు వచ్చేస్తాయి.

మాటల వయసు. ఆంధ్రభారతి సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివాటిలో ఒక్కసారే వెతకొచ్చు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైటులో బ్రౌన్‌తో పాటు గ్విన్ నిఘంటువు కూడా ఉంది. ఈ రెండోది వాడుక మాటకు మంచిది. నేను వీటిని అర్థం కోసం కంటే మాట వయసు చూడటానికి వాడతాను. నిఘంటువులో లేనంత మాత్రాన ఆ మాట అప్పట్లో లేదని కాదు. అయినా అనుమానం వచ్చిన ప్రతి మాటనూ ఒకసారి అక్కడ పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

1942 మనిషి నోట "ఆకాశవాణి" అని పెట్టొద్దు. ఆల్ ఇండియా రేడియోకు దేశమంతటా ఆ పేరు వచ్చింది 1950ల రెండో సగంలో. మీ కథలో వాళ్లు "రేడియో" అనే అంటారు. మద్రాసు స్టేషన్ 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ స్టేషన్ వచ్చింది 1948లో. కాబట్టి ఆ రోజుల్లో బెజవాడలో ఉన్న బంధువు తెలుగు కార్యక్రమం వింటున్నాడంటే బహుశా మద్రాసు స్టేషనే వింటున్నాడు. అలాగే మన ఇళ్లలో ఇవాళ ప్రతి మాటకూ వచ్చే టెన్షన్ ఆ ఇంట్లో వినిపించకూడదు. బెంగ, దిగులు, గాభరా, ఆందోళన ఉన్నాయి. ఈ నాలుగింటికీ తేడా ఉంది. ఆ తేడా పట్టుకుంటే పాత్రల మనసులు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

డబ్బు, కొలతలు. నేను చేసిన తప్పు చెప్తాను. 1944లో జరిగే ఒక కథలో ఒక కుర్రాడు పాతిక పైసలు పెట్టి వేరుశెనక్కాయలు కొన్నాడని రాశాను. కథ అచ్చయిన వారానికి పెద్దాయన ఒకరి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. "అమ్మాయ్, పాతిక పైసలు అప్పుడెక్కడివి, పావలా అని రాయాల్సింది. అయినా పావలాకి అన్ని కాయలు ఆ పిల్లవాడు మోయలేడు" అని ఆయన ఓపిగ్గా రెండు పేజీలు రాశారు. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పావలా అంటే నాలుగు అణాలు, బేడ అంటే రెండు అణాలు, కానీ అంటే అణాలో నాలుగో వంతు. ఆ కథను తర్వాత సంపుటిలో సరిచేశాను గానీ, మొదటిసారి చదివినవాళ్లకు నా మీద నమ్మకం ఒక మెట్టు తగ్గి ఉంటుంది. చరిత్ర నేపథ్యమున్న కథకు ఆ నమ్మకమే పెట్టుబడి.

నాణేల కోసం న్యూమిస్టా అనే సైటు ఉంది. ఏ ఏట ఏ నాణెం ముద్రించారో బొమ్మలతో సహా ఉంటుంది. మీకు పనికొచ్చే ఉదాహరణ ఒకటి: మధ్యలో చిల్లున్న కానీ గురించి పాతవాళ్లు చాలామంది చెప్తారు. అది 1943 నుంచి 1947 దాకా ముద్రించినది. మీ కథ 1942 ఏప్రిల్‌లో నడుస్తోంది గనక ఆ పిల్లల మొలతాడుకు చిల్లు కానీ కట్టించొద్దు.

తూకాలు కూడా అంతే. కిలోలు, లీటర్లు మన బజారుల్లో స్థిరపడింది 1960ల మొదట్లో. అంతకుముందు వీశెలు, మణుగులు, పలాలు, తులాలు, సేర్లు, కుంచాలు, సోలలు. మద్రాసు అంగట్లో పడి. ఏది ధాన్యానికి, ఏది బెల్లానికి, ఏది బంగారానికి అన్నది బ్రౌన్ నిఘంటువులో చాలావరకు తెలుస్తుంది. మిగతాది పేపర్లో ధరల పట్టిక చెప్తుంది.

కోర్టు తీర్పులు. దీని గురించి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇండియన్ కానూన్ సైటులో మద్రాసు హైకోర్టు తీర్పులు బ్రిటిష్ కాలం నుంచి ఉన్నాయి. ఇంగ్లీషులో ఉంటాయి, కోర్టు పేరు, తేదీలు పెట్టి వెతకొచ్చు. మనోవర్తి కేసులు చదవండి. నెలకు ఎంత ఇవ్వాలని కోర్టు అన్నదో చూస్తే ఒంటరి ఆడమనిషి ఎంతలో బతకగలదని ఆనాటి పెద్దమనుషులు అనుకున్నారో తెలుస్తుంది. ఆస్తి పంపకాల కేసుల్లో ఇంట్లో ఉన్న వెండి సామాను, నగలు, అప్పు పత్రాలు వరసగా రాసి ఉంటాయి. దత్తత కేసుల్లో ఎవరు ఎవరి ఒళ్లో కూర్చున్నారు, పురోహితుడు వచ్చాడా లేదా అన్నదాకా వాదించుకున్నారు. ఒక ఉమ్మడి కుటుంబం ఎక్కడ చీలుతుందో నేను నేర్చుకున్నది ఈ తీర్పుల్లోనే. ఏ నవలలోనూ అంత వివరంగా దొరకలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. తీర్పు అంటే గెలిచినవాళ్ల వైపు నుంచి చెప్పిన కథ. ఓడినవాళ్ల మాట మధ్య పేజీల్లో ఉంటుంది, అదీ చదవాలి. రెండోది, అవి నిజమైన మనుషుల కష్టాలు. వాళ్ల మనవలు ఇప్పటికీ ఉంటారు. పేర్లు, ఊళ్లు, వృత్తులు అన్నీ మార్చి, ఆ పరిస్థితిని మాత్రమే తీసుకోండి. నేను రెండు మూడు కేసులు కలిపి ఒకటి చేస్తాను.

వెన్నెల, వాన, గడియారం. మద్రాసు ఖాళీ అయిన రోజుల మీద ఒక కుర్ర రచయిత నాకు పంపిన అధ్యాయం ఇలా మొదలైంది: ఏప్రిల్ 14 రాత్రి, నిండు వెన్నెల, మెరీనా నిర్మానుష్యం. చాలా అందంగా రాశాడు. కానీ 1942 ఏప్రిల్‌లో పౌర్ణమి 1వ తేదీన వచ్చింది, అమావాస్య 15న. అంటే తమిళ సంవత్సరాది పూట, వీధి దీపాలకు ముసుగులు వేసిన ఊళ్లో, ఆకాశంలో చంద్రుడు కూడా లేడు. ఆ సంగతి చెప్పాక అతను ఆ పేజీ మళ్లీ రాశాడు. సముద్రం కనబడదు, వినబడుతుంది అంతే. మొదటిదానికంటే అది ఎంతో బాగుంది. ఏ సంవత్సరానికైనా చంద్రకళలు చూపించే సైట్లు ఉన్నాయి. పంచాంగం సైట్లలో చెన్నై అని ఊరు ఎంచుకుంటే తిథి, నక్షత్రం కూడా వస్తాయి. మీ కథ నడిచేది చిత్రభాను సంవత్సరం చైత్రమాసం. ఇంట్లో పెద్దావిడ తేదీ చెప్పదు, తిథి చెబుతుంది.

వాన గురించి కూడా. మన జిల్లాల నుంచి వచ్చి మద్రాసు మీద రాసేవాళ్లు జూన్, జులైల్లో ముసురు పట్టిస్తారు. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తాంబరంలో ఉంటున్నారు గనక ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ నవల ఏప్రిల్ దాటి ముందుకు సాగితే గడియారం సంగతి గుర్తుంచుకోండి. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా దేశమంతా గడియారాలను గంట ముందుకు తిప్పారు. ఆ మూడేళ్లలో మద్రాసులో "ఏడయినా వెలుతురుంది" అంటే తప్పు కాదు. పొద్దున ఆరు కొట్టేసరికి మాత్రం ఇంకా చీకటే.

రైళ్లు, దారులు, మ్యాపులు. నెల్లూరు, బెజవాడ వైపు వెళ్లేవాళ్లు సెంట్రల్ స్టేషన్‌కు వెళ్తారు. అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాళ్లది, పెద్ద లైను. ఎగ్మూరు సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లది, మీటర్ గేజి, తంజావూరు, మదురై వైపు వెళ్లేవాళ్లకు. ఈ కంపెనీలన్నీ కలిసి సదరన్ రైల్వే అయింది 1951లో. మీ కుటుంబంలో ఒకరు నెల్లూరుకు, వాళ్ల తమిళ పొరుగువాళ్లు కుంభకోణానికి బయల్దేరితే, రెండు జట్కాలు రెండు స్టేషన్లకు విడిపోతాయి. మంచి సన్నివేశం అవుతుంది. తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కు కరెంటు రైలు 1931 నుంచే ఉంది. ఊళ్లో ట్రాములు 1953 దాకా నడిచాయి. రైలు టైములకు పాత బ్రాడ్‌షా గైడ్లు ఆర్కైవ్‌లో వెతకండి. ఏ బండి ఎప్పుడు మొదలైంది, ఏ ఇంజను అన్న ప్రశ్నలకు ఐఆర్ఎఫ్‌సీఏ సైటులో రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు రాసిన పేజీలున్నాయి.

మ్యాపులకు టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ల పెరీ కాస్టనేడా సేకరణ చూడండి. 1950లలో అమెరికా సైన్యం వేసిన భారతదేశం షీట్లు అక్కడ ఉన్నాయి. ఊళ్లు, చెరువులు, రైలు దారులు బాగా కనిపిస్తాయి, వీధులు కనిపించవు. వీధుల కోసం మర్రే ప్రయాణికుల గైడులో మడతపెట్టిన మద్రాసు పటం ఉంటుంది, చాలా ఎడిషన్లు ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఆ పటాన్ని ఒక కిటికీలో, గూగుల్ మ్యాపును మరో కిటికీలో పెట్టుకుని మీ పాత్రతో పాటు నడవండి. అన్నాశాలై అప్పుడు మౌంట్ రోడ్డు. సెంట్రల్ పక్కన ఇప్పుడు లేని మూర్ మార్కెట్ 1985లో కాలిపోయేదాకా ఉంది. దాని పక్కనే పీపుల్స్ పార్కులో జంతుప్రదర్శనశాల ఉండేది. ఆ ఏప్రిల్‌లో బాంబు పడితే తప్పించుకుంటాయేమోనని అక్కడి క్రూరమృగాలను కాల్చేశారు. ఊరు వదిలి రైలెక్కేవాళ్లు దాటి వెళ్లేది ఆ పక్క నుంచే అని పటం చూశాకే నాకు తట్టింది.

మీ ఇంటి పెద్దవాళ్లు. ఇది నెట్ కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. మా అమ్మమ్మ ఆ ఏప్రిల్‌లో పెరంబూరు నుంచి నెల్లూరు వెళ్లిపోయినవాళ్లలో ఒకరు. "వైజాగులో బాంబు పడిన రోజే మేం రైలెక్కాం" అని ఎప్పుడూ చెప్పేది. కానీ తను చెప్పే మిగతా వివరాలు పేపర్లతో సరిచూస్తే వాళ్లు వెళ్లింది కనీసం వారం తర్వాత. జ్ఞాపకం రెండు భయాలను ఒక రోజులోకి కలిపేసుకుంది. తేదీ కోసం నేను పేపరును నమ్మాను. కానీ ఆమె ఏం పట్టుకెళ్లిందో పేపరు చెప్పలేదు. అడుక్కి వచ్చేసిన పాత ఆవకాయ జాడీ. కొత్త ఆవకాయకు ఇంకా కాయ రాలేదు. నెల్లూరులో ఎన్నాళ్లుండాలో తెలియదు, అక్కడ ఎవరింట్లో తింటామో తెలియదు, అందుకని ఆ జాడీ చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. ఇలాంటిది ఏ సైటులోనూ దొరకదు. మీ వైపు తొంభై ఏళ్ల చుట్టుపక్కల వాళ్లు ఉంటే ఈ ఆదివారమే ఫోన్ చేయండి. "ఆ రోజుల గురించి చెప్పు" అని అడగొద్దు. "ఏం సర్దుకున్నారు, ఇంటికి తాళం ఎవరు వేశారు, ఆవును ఎవరికి అప్పగించారు" అని అడగండి. వాళ్ల అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేయండి.

ఏది ఎంతవరకు నమ్మాలి. వికీపీడియా మంచి గుమ్మం. అడుగున ఇచ్చిన ఆధారాలు పట్టుకుని లోపలికి వెళ్లండి, గుమ్మంలోనే ఆగొద్దు. ఫేస్‌బుక్‌లో తిరిగే పాత మద్రాసు ఫొటోల కింద రాసే సంవత్సరాలు చాలాసార్లు తప్పు. ఫొటోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి అసలు ఎక్కడిదో చూడండి. చాట్‌బాట్‌లను నేను వెతకాల్సిన మాటలు అడగడానికి వాడతాను, తేదీలకూ ధరలకూ వాడను. నమ్మకంగా చెప్పిన సమాధానం మూల కాగితంలో లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. బ్రిటిష్ కాలపు జిల్లా గెజెటీర్లు, కులాల మీద రాసిన సంపుటాలు ఆర్కైవ్‌లో పుష్కలంగా ఉన్నాయి. పంటలు, సంతలు, దారుల వివరాలకు మంచివి. మనుషుల స్వభావాల గురించి వాటిలో ఉన్నది పాలించేవాడి చూపు. అది మీ పాత్రల గొంతులోకి రాకూడదు.

నచ్చిన పేజీ కనిపించగానే దించుకోండి. లింకు, పేజీ నంబరు, తేదీ ఒక ఫైల్లో రాసుకోండి. పాత సైట్లు ఇవాళ తెరుచుకున్నవి రేపు తెరుచుకోకపోవచ్చు. నేను దించుకోకుండా వదిలేసిన రెండు సంచికలు మళ్లీ కనబడలేదు.

నెట్‌లో దొరకనిదానికి నెలకు ఒక్క శనివారం దొరికితే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది. అదే చుట్టుపక్కల తమిళనాడు ఆర్కైవ్స్. తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధక గ్రంథాలయం. వెళ్లే ముందు ఫోన్ చేసి ఏ గుర్తింపు కార్డు కావాలో, ఆ సంచిక చూడనిస్తారో లేదో కనుక్కోండి. బ్రాకెట్ల జాబితా కాగితం మీద రాసుకుని వెళ్లండి.

చివరగా తమిళం సంగతి. చదవడం రాదని వదిలేయొద్దు. జార్జిటౌన్ తెలుగు ఇంటికి పక్కిల్లు తమిళుల ఇల్లే. తమిళ్ వర్చువల్ అకాడమీ డిజిటల్ లైబ్రరీలో పాత పుస్తకాలు, పత్రికలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి పేజీ మీద పెడితే అచ్చు తమిళాన్ని తెలుగులోకి గానీ ఇంగ్లీషులోకి గానీ మారుస్తుంది. అనువాదం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అయినా ఆ పేజీ మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి సరిపోతుంది. పనికొస్తుందనిపిస్తే ఆఫీసులో తమిళ స్నేహితుల చేత బిగ్గరగా చదివించుకోండి. మీకు వినడం వచ్చు కదా. నేను పదేళ్లుగా మా కింది వాటాలో ఉండే మామి చేత అలాగే చదివించుకుంటున్నాను. చదువుతూ చదువుతూ ఆవిడ మధ్యలో ఆగి, "ఇది మా అత్తగారు ఇంకోలా చెప్పేవారు" అంటారు. అప్పుడు నేను ఆ కాగితం పక్కన పెట్టి ఆవిడ చెప్పేది రాసుకుంటాను.